క్లాట్ సన్నద్ధత: రాసిన పరీక్షల లెక్క కన్నా తప్పుల లెక్క ముఖ్యం

దుర్గాపూజ సెలవులు కోల్‌కతా నగరమంతటికీ వేడుక. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో ఉండి న్యాయవిద్య వైపు చూస్తున్న విద్యార్థులకు మాత్రం అవే అత్యంత కీలకమైన రోజులు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి నిర్వహించే ఉమ్మడి న్యాయ ప్రవేశ పరీక్ష, అంటే క్లాట్, 2023, 2024, 2025 సంవత్సరాల్లో వరుసగా డిసెంబరు మొదటి ఆదివారం నాడే జరిగింది. పూజ ముగిసిన తర్వాత విద్యార్థికి మిగిలేది ఇంచుమించు రెండు నెలలు, కొన్ని ఏళ్లలో అంతకన్నా తక్కువ. ఈ వ్యవధిలో వారానికి రెండు మూడు నమూనా పరీక్షలు రాయడం, వచ్చిన మార్కులను తోటివారితో పోల్చుకోవడం, అంకె కదలకపోతే కుంగిపోవడం ఏటా కనిపించే దృశ్యమే.

నమూనా పరీక్షలు ఎన్ని రాసినా మార్కులు ఒక స్థాయి దగ్గర ఎందుకు ఆగిపోతున్నాయన్నది విద్యార్థులను వేధిస్తున్న ప్రశ్న. పరీక్ష స్వభావాన్ని, దాని చరిత్రను పరిశీలిస్తే ఇందుకు సమాధానం దొరుకుతుంది. ఆ సమాధానంలో కొంత విద్యార్థి చేతిలో ఉంది. మరికొంత, న్యాయవిద్యను నడిపే వ్యవస్థల చేతిలో ఉంది.

పరీక్ష మారింది, సన్నద్ధత మారాలి

ఒకప్పుడు ప్రతి న్యాయ విశ్వవిద్యాలయం తన ప్రవేశ పరీక్షను తానే నిర్వహించుకునేది. తేదీలు ఒకదానితో ఒకటి ఢీకొనడం, దరఖాస్తు ఖర్చులు, ప్రయాణాల భారం కారణంగా విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫలితంగా 2008లో తొలి క్లాట్ జరిగింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయాలు వంతులవారీగా పరీక్షను నిర్వహించాయి. 2011లో ఆ బాధ్యత కోల్‌కతాలోని పశ్చిమ బెంగాల్ జాతీయ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయానికి, అంటే ఎన్‌యూజేఎస్‌కు వచ్చింది. 2017లో ఏర్పడిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం ఇప్పుడు ఈ పరీక్షను నిర్వహిస్తోంది.

అసలైన మార్పు 2020లో వచ్చింది. అంతవరకు సాధారణ విజ్ఞానాన్ని, న్యాయ పదజాలాన్ని కంఠస్థం చేసినవారికి కొంత మొగ్గు ఉండేది. 2020 నుంచి ప్రశ్నలన్నీ గద్యభాగాల ఆధారంగా వస్తున్నాయి. 2023 డిసెంబరులో జరిగిన పరీక్ష నుంచి ప్రశ్నల సంఖ్యను 150 నుంచి 120కి తగ్గించారు. వ్యవధి 120 నిమిషాలు. ఇంగ్లీషు భాష, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, గణిత నైపుణ్యాలు అనే అయిదు విభాగాలు ఉంటాయి. వర్తమాన వ్యవహారాలకు, న్యాయ తర్కానికి చెరి నాలుగో వంతు, ఇంగ్లీషుకు, సాధారణ తర్కానికి చెరి అయిదో వంతు, గణితానికి పదో వంతు ప్రాధాన్యం ఉంది. సరైన జవాబుకు ఒక మార్కు, తప్పు జవాబుకు పావు మార్కు కోత.

ప్రశ్నకు ఒక నిమిషం అన్నది వినడానికి సులువుగానే ఉంటుంది. అయితే గద్యభాగం చదివే సమయం కూడా అందులోనే కలిసి ఉంది. ఒక గద్యభాగంలో 450 పదాలు, దానికింద అయిదు ప్రశ్నలు ఉన్నాయనుకుంటే మొత్తం అయిదు నిమిషాలు దక్కుతాయి. నిమిషానికి 150 పదాలు చదివే విద్యార్థికి చదవడానికే మూడు నిమిషాలు పడుతుంది. ఒక్కో ప్రశ్నకు మిగిలేది 24 సెకన్లు. నిమిషానికి 225 పదాలు చదవగలిగిన విద్యార్థికి 36 సెకన్లు మిగులుతాయి. ఈ 12 సెకన్ల తేడా ఇరవైకి పైగా గద్యభాగాలలో పేరుకుంటే అది ర్యాంకుల తేడాగా మారుతుంది. మార్కులు ఒకచోట ఆగిపోవడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. నమూనా పరీక్ష చదివే వేగాన్ని కొలిచి చూపుతుంది. దాన్ని పెంచే పని మాత్రం రోజువారీ పఠనానిదే.

తప్పులన్నీ ఒకటి కావు

పరీక్ష రాయడానికి రెండు గంటలు వెచ్చించే విద్యార్థి దాన్ని సమీక్షించుకోవడానికి అరగంట కూడా కేటాయించని సందర్భాలే ఎక్కువ. మార్కు చూసుకుని మరుసటి పరీక్షకు సిద్ధపడడం వల్ల పాత తప్పులే కొత్త ప్రశ్నపత్రంలో తిరిగి వస్తాయి. తప్పు జవాబులను కారణాన్నిబట్టి విడదీయడం ఇందుకు విరుగుడు. విషయం తెలియక చేసిన తప్పు వేరు, గద్యభాగాన్ని సరిగా చదవక చేసిన తప్పు వేరు. రెండు జవాబుల మధ్య ఊగిసలాడి చేసిన తప్పు వేరు, సమయం చాలక తొందరలో చేసిన తప్పు వేరు. మొదటిదానికి మందు చదువు. రెండోదానికి నిదానం. మూడోదానికి తర్క సాధన. నాలుగోదానికి ప్రశ్నలను ఎంచుకునే క్రమంలో మార్పు. అన్నింటికీ మరో నమూనా పరీక్షే పరిష్కారమని భావించడం వ్యాధి ఏదైనా ఒకే మాత్ర వేసుకోవడం వంటిది.

న్యాయ తర్కం విభాగాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఈ విభాగానికి ముందస్తు న్యాయశాస్త్ర పరిజ్ఞానం అవసరం లేదు. గద్యభాగంలో చెప్పిన సూత్రాన్ని ఇచ్చిన సంఘటనకు అన్వయిస్తే చాలు. ఉద్యోగి తన విధి నిర్వహణలో చేసిన పొరపాటుకు యజమాని బాధ్యత వహించాలని గద్యభాగం చెబుతుందనుకుందాం. సెలవు రోజున, యజమానికి తెలియకుండా కారు తీసుకుపోయిన డ్రైవరు సియాల్దా స్టేషన్ దగ్గర ఒక పాదచారిని గాయపరిచాడని ప్రశ్న. గాయపడిన వ్యక్తి మీద జాలితో యజమానే పరిహారం చెల్లించాలని చాలామంది గుర్తిస్తారు. ఇచ్చిన సూత్రం ప్రకారం అది విధి నిర్వహణ కాదు కనుక యజమానికి బాధ్యత లేదు. ఇక్కడ విద్యార్థికి లోపించింది పరిజ్ఞానం కాదు. తన అభిప్రాయాన్ని పక్కనపెట్టి, కాగితం మీద ఉన్న వాక్యానికి కట్టుబడే క్రమశిక్షణ. న్యాయవాదికి మున్ముందు అవసరమయ్యేదీ అదే.

పావు మార్కు చెప్పే పాఠం

నెగటివ్ మార్కుల విషయంలోనూ అపోహలున్నాయి. ఎక్కువ ప్రశ్నలు ప్రయత్నిస్తే ఎక్కువ మార్కులు వస్తాయన్నది వాటిలో ఒకటి. ఒక విద్యార్థి 110 ప్రశ్నలకు జవాబులు గుర్తించగా 75 సరైనవి, 35 తప్పు అయితే వచ్చేది 66.25 మార్కులు. మరో విద్యార్థి 95 మాత్రమే ప్రయత్నించి, 78 సరిగా, 17 తప్పుగా రాస్తే 73.75 మార్కులు వస్తాయి. పదిహేను ప్రశ్నలు తక్కువ రాసిన రెండో విద్యార్థి ఏడున్నర మార్కులు ముందుంటాడు. ఎందుకంటే తొందర తగ్గినప్పుడు కచ్చితత్వం పెరుగుతుంది.

తెలియని ప్రశ్నను తాకనే కూడదన్నది ఇందుకు వ్యతిరేకమైన అపోహ. నాలుగు ఐచ్ఛికాల్లో ఏదీ తోచక గుడ్డిగా గుర్తిస్తే సగటున దక్కేది మార్కులో పదహారో వంతు. అది దాదాపు సున్నాతో సమానం. ఒక ఐచ్ఛికం తప్పని తేల్చగలిగితే సగటు లాభం మార్కులో ఆరో వంతు అవుతుంది. రెండింటిని తొలగించగలిగితే అది మూడింట ఒక వంతు దాటుతుంది. కాబట్టి రెండు ఐచ్ఛికాలను కారణంతో తోసిపుచ్చిన ప్రశ్నను వదిలేయడం కూడా నష్టమే.

వేర్వేరు శిక్షణ కేంద్రాల ప్రశ్నపత్రాల కఠినత్వం ఒకేలా ఉండదు. ఒకచోట వచ్చిన 80 మార్కులు, మరోచోట వచ్చిన 68 మార్కుల కన్నా మెరుగని చెప్పలేం. ఒకే ప్రశ్నపత్రం రాసినవారిలో తన స్థానం ఎలా మారుతోందన్నదే నమ్మదగిన కొలమానం. పైగా నమూనా పరీక్షల్లో అధికభాగం కంప్యూటరు తెర మీద జరుగుతుండగా, 2021 నుంచి అసలు పరీక్ష కాగితం మీదే జరుగుతోంది. ఓఎంఆర్ పత్రంలో గడులు నింపే సమయాన్ని కూడా సాధనలో కలుపుకోవాలి. 2020 తర్వాతి పాత ప్రశ్నపత్రాలను ముద్రించుకుని, గడియారం ముందు పెట్టుకుని రాయడం ఇందుకు ఉత్తమ మార్గం.

జవాబును ప్రశ్నించే హక్కు

ఇచ్చిన జవాబును గుడ్డిగా అంగీకరించకూడదని ఇటీవలి న్యాయ వివాదం కూడా గుర్తుచేసింది. 2024 డిసెంబరు 1న జరిగిన పరీక్షలో కొన్ని ప్రశ్నల జవాబులు తప్పని అభ్యర్థులు పలు హైకోర్టులను ఆశ్రయించారు. సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాలన్నింటినీ ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. హైకోర్టు ధర్మాసనం 2025 ఏప్రిల్ 23న ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు మే 7న కొంత సవరించి, జాబితాను తిరిగి రూపొందించాలని ఆదేశించింది. ప్రశ్నల రూపకల్పనలో కనిపించిన నిర్లక్ష్య ధోరణిపై అత్యున్నత న్యాయస్థానం ఆవేదన వ్యక్తం చేసింది.

లక్షలాది గంటల సాధన ఒక ప్రశ్న దగ్గర వ్యర్థం కాకుండా చూసే బాధ్యత నిర్వాహకులది. విద్యార్థికి ఇందులో ఒక పాఠం ఉంది. నమూనా పరీక్షల జవాబు పత్రాల్లోనూ పొరపాట్లు ఉంటాయి. జవాబుతోపాటు కారణాన్ని కూడా అడగడం, ఆ కారణం గద్యభాగంలో ఎక్కడ ఉందో చూపమనడం సాధనలో భాగం కావాలి.

కోల్‌కతా నుంచి వచ్చిన ఆలోచన

తప్పును చూపి, కారణం వివరించే గురువు దొరకడం అందరికీ సాధ్యం కాదు. ఇక్కడే ఈ పరీక్ష వ్యక్తిగత కృషి హద్దు దాటి సామాజిక ప్రశ్నగా మారుతుంది. సాల్ట్‌లేక్‌లోని డాక్టర్ అంబేద్కర్ భవన్‌లో ఉన్న ఎన్‌యూజేఎస్ 1999 నాటి రాష్ట్ర చట్టంతో ఏర్పడింది. బెంగళూరులో తొలి జాతీయ న్యాయ పాఠశాలను తీర్చిదిద్దిన ఆచార్య ఎన్.ఆర్. మాధవ మేనన్ దీనికి వ్యవస్థాపక ఉపకులపతి. సమాజానికి ఉపయోగపడే న్యాయవాదులను తయారు చేయడమే ఈ విద్యాలయాల ఉద్దేశమన్నది ఆయన దృక్పథం.

ఆ లక్ష్యానికి, తరగతి గదుల్లో కనిపించే వాస్తవానికి మధ్య దూరాన్ని గుర్తించినవారిలో ఆచార్య షమ్నాద్ బషీర్ ఒకరు. మేధోసంపత్తి న్యాయంలో నిపుణుడైన ఆయన ఎన్‌యూజేఎస్‌లో బోధిస్తూ, 2010లో ఐడియా అనే సంస్థకు శ్రీకారం చుట్టారు. పేద, గ్రామీణ, వికలాంగ విద్యార్థులను గుర్తించి, క్లాట్‌కు ఉచితంగా శిక్షణ ఇవ్వడం, సీటు వచ్చాక చదువు కొనసాగించేందుకు తోడ్పడడం దాని పని. న్యాయ విద్యార్థులే శిక్షకులుగా ముందుకు రావడం ఇందులోని విశేషం. క్లాట్ నిర్వహణలోని లోపాలపై 2015లో సుప్రీంకోర్టును ఆశ్రయించిందీ బషీరే. 2019లో ఆయన కన్నుమూసినా ఆ కృషి దేశంలోని పలు న్యాయ విశ్వవిద్యాలయాల ద్వారా కొనసాగుతోంది.

ఐడియా అనుభవం ఒక సంగతిని స్పష్టం చేస్తోంది. వెనుకబడిన నేపథ్యం నుంచి వచ్చిన విద్యార్థికి కొరవడేది తెలివితేటలు కావు. చదవడానికి పత్రిక, అడగడానికి మనిషి, తప్పు చేయడానికి తగినంత వ్యవధి. ఇవి ముందుగా అందితే మార్కులు వాటంతట అవే కదులుతాయి.

తెలుగు విద్యార్థి ఎదుట భాషా గోడ

రైల్వే కొలువుల కోసం తరతరాల క్రితం తరలివచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకైనా, హైదరాబాద్‌లోని నల్సార్ మీద, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం మీద ఆశ పెట్టుకున్న తెలుగు రాష్ట్రాల పిల్లలకైనా ఎదురయ్యే అడ్డంకి ఒకటే. క్లాట్ ఇంగ్లీషులో మాత్రమే జరుగుతుంది. తెలుగు రాష్ట్రాలు నిర్వహించే లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు ఉంటాయి, వాటిని తెలుగులోనూ చదువుకునే వీలుంది. క్లాట్‌ను ఇతర భారతీయ భాషల్లోనూ నిర్వహించాలని కోరుతూ ఢిల్లీ హైకోర్టులో 2023లో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది.

హైకోర్టులు, సుప్రీంకోర్టు ఇంగ్లీషులో పనిచేస్తున్నందున, బోధన కూడా అదే భాషలో సాగుతున్నందున ప్రవేశ పరీక్ష ఇంగ్లీషులో ఉండడమే సబబన్న వాదన ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే జిల్లా న్యాయస్థానాలకు వచ్చే కక్షిదారు మాట్లాడేది తెలుగు, బెంగాలీ, సంతాలీ. అతని మాట అర్థం చేసుకోగల న్యాయవాది కూడా ఈ విద్యాలయాల నుంచే రావాలి. పరీక్ష భాష మారేవరకు వేచి ఉండకుండా ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం నుంచే ఇంగ్లీషు పఠనానికి తోడ్పాటు అందించడం ప్రభుత్వ కళాశాలలు చేయగలిగిన పని. 4,000 రూపాయల దరఖాస్తు రుసుము కూడా ఎన్నో కుటుంబాలకు భారమేనన్నది విస్మరించకూడదు.

రెండు నెలల్లో సాధ్యమయ్యేది

ఉన్న వ్యవధిలో విద్యార్థి చేయగలిగింది చాలానే ఉంది. ప్రతిరోజూ ఒక సంపాదకీయం గడియారం పెట్టుకుని చదివి, రచయిత వాదనను రెండు వాక్యాల్లో సొంతంగా రాయడం. వారానికి ఒకటో రెండో నమూనా పరీక్షలతో సరిపెట్టుకుని, పరీక్షకు పట్టిన సమయం కన్నా ఎక్కువ సమయం సమీక్షకు ఇవ్వడం. తప్పుల పుస్తకం ఒకటి పెట్టుకుని, పక్షానికోసారి తిరగేయడం. గణితం పదో వంతేనని వదిలేయకుండా పదో తరగతి స్థాయి శాతాలు, నిష్పత్తులు, సగటులను గట్టిచేసుకోవడం. వీటిలో ఏదీ ఖర్చుతో కూడుకున్నది కాదు. అలీపూర్‌లోని జాతీయ గ్రంథాలయంలోనైనా, ఊరి శాఖా గ్రంథాలయంలోనైనా చేయదగినవే.

మార్కు పెరగనప్పుడు విద్యార్థి తనను తాను నిందించుకోవడం సహజం. తప్పు ఎక్కడ జరిగిందో చూపే మనిషి పక్కన ఉంటే ఆ నింద ప్రశ్నగా మారుతుంది. ఆ మనిషిని ప్రతి విద్యార్థికీ అందుబాటులోకి తేవడం న్యాయ విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వ కళాశాలలకు అసాధ్యమేమీ కాదు. పదిహేనేళ్ల క్రితం సాల్ట్‌లేక్ ప్రాంగణంలో ఒక అధ్యాపకుడు, కొందరు విద్యార్థులు కలిసి ఆ పని మొదలుపెట్టి చూపారు.