ఆసు పోసే చేయి – బంతి విసిరే చేయి

పోచంపల్లి పేరు వినగానే మనకు రెండు విషయాలు జ్ఞప్తికి వస్తాయి. మొదటిది భూదానం. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు దానమిచ్చిన ఊరది. రెండవది చిటికి కట్టి, రంగులద్ది నేసే చీర. ఈ రెంటితోపాటు స్మరించవలసిన మూడవ విషయం ఒకటి కలదు. అది ఆ చీర వెనుకనున్న స్త్రీల భుజం నొప్పి. దానిని గురించి మాట్లాడేవారు తక్కువ.

చిటికి కట్టుటకు ముందు పేక నూలును ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారపు చట్రానికి ఒక వైపున ఒక మేకు, ఎదుట వంపు పొడుగునా వరుసగా మేకులు ఉంటాయి. నూలును పట్టుకొని చేతిని ఇటునుండి అటు, అటునుండి ఇటు త్రిప్పుచు పోవలెను. ఒక చీరకు ఈ విధంగా చేయి సుమారు 9,000 సార్లు ఆడవలెను. అందుకు నాలుగైదు గంటల కాలం పడుతుంది. తరతరాలుగా ఈ పని ఇంటి ఆడవారిదే.

ఇప్పుడు ఆ వీధిలోనే ఒక ఇంటిని ఊహించండి. తల్లి ఆసు పోస్తుంది. కళాశాలలో చదివే కుమారుడు క్రికెట్టులో వేగంగా బంతులు వేస్తాడు. ఒక యేడు ఇద్దరికీ కుడి భుజం బిగిసింది. కుమారుని హైదరాబాదు తీసుకొనిపోయి ఫిజియోథెరపిస్టుకు చూపుతారు. తల్లికి మాత్రం అంగడిలో దొరికే బామ్ సీసా ఒకటి తెచ్చి ఇస్తారు. “వయసు మీద పడింది, నొప్పులు సహజం” అంటారు. ఇట్టి ఇండ్లు ఒక్క పోచంపల్లిలోనే కాదు, అన్నిచోట్లా ఉన్నవి. ఈ తారతమ్యం న్యాయం కాదనియు, వైద్యదృష్టితో చూచినను పొరపాటనియు నా అభిప్రాయం.

ముందుగా కుమారుని భుజం సంగతి చూద్దాం. చేయి తలపైకెత్తి విసిరే ఆటలన్నింటిలోను, అనగా క్రికెట్టు, బేస్‌బాల్, వాలీబాల్, బ్యాడ్మింటన్, జావెలిన్‌లలో, భుజం ఒక విచిత్రమైన మార్పు పొందుతుంది. చేయి వెనుకకు, అనగా బయటివైపునకు, మామూలుకంటె ఎక్కువ తిరుగుతుంది. లోపలివైపునకు తక్కువ తిరుగుతుంది. చిన్ననాటినుండి ఆడేవారిలో భుజపుటెముకయే కొంత మెలి తిరిగి పెరుగుతుంది. ఆ మార్పు దోషం కాదు, అలవాటుకు శరీరం చేసికొన్న సర్దుబాటు. అట్లుగాక, విసిరిన ప్రతిసారీ చేతిని ఆపవలసిన భారం భుజం వెనుక కండరాలపైన, కీలును చుట్టిన తిత్తిపైన పడుతుంది. అవి క్రమేణ గట్టిపడి బిగుసుకొంటాయి. చికిత్స అవసరమైనది ఈ రెండవ దానికే. రెండు చేతులను పోల్చి చూచినపుడు లోపలివైపు తిరుగుడు సుమారు 20 డిగ్రీలు తగ్గి, బయటివైపు, లోపలివైపు తిరుగుళ్ళు కలిపిన మొత్తం కూడ తగ్గినచో జాగ్రత్త పడవలెను.

దీనికి చికిత్స చేతితోనే జరుగుతుంది. నేర్పరియైన చికిత్సకుడు రోగి రెక్కఎముకను కదలకుండ ఒక చేత పట్టి, భుజపుటెముక శిరస్సును రెండవ చేత మెల్లగా వెనుకకు నొక్కుతాడు. బిగిసిన వెనుక కండరాలను వ్రేళ్ళతో మెత్తబరుస్తాడు. తరువాత సాగదీసే వ్యాయామం. చేతిని రొమ్ముకు అడ్డంగా తెచ్చి, రెండవ చేతితో మోచేతిని పట్టి దగ్గరకు లాగుకొనుట అందులో ముఖ్యమైనది. 2007లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఈ వ్యాయామాన్ని దినానికి ఒకసారి, 30 సెకండ్ల చొప్పున 5 మార్లు, నాలుగు వారాలు చేయించారు. లోపలి తిరుగుడు చక్కగా మెరుగుపడింది. ఒక ప్రక్కకు పండుకొని ముంజేతిని నేలవైపు నొక్కే మరొక వ్యాయామం చాల ప్రసిద్ధమే గాని, ఆ అధ్యయనంలో అంతటి స్పష్టమైన ఫలితం ఇవ్వలేదు. ప్రసిద్ధిని బట్టి గాక ఫలితాన్ని బట్టి ఎన్నుకొనవలెనని ఇందువలన తెలుస్తున్నది.

ఇక ఆయుర్వేదం మాట. బిగిసిన భుజం మన శాస్త్రానికి క్రొత్త కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానంలో వాతవ్యాధుల నడుమ అవబాహుకం చెప్పబడినది. ప్రకోపించిన వాతం భుజంలో నిలిచి, అక్కడి బంధనాలను శోషింపజేసి, సిరలను సంకోచింపజేయుట దాని లక్షణం. నూట ఏడు మర్మాలలో భుజానికి చెందిన అంసమర్మం స్నాయుమర్మం. దానికి దెబ్బ తగిలినచో చేయి బిగిసిపోవునని ఆచార్యుడు హెచ్చరించాడు. భుజాన్ని బలంగా గుంజి, పట్టి లాగి, “టక్” మనిపించి నయం చేస్తామనేవారి వద్దకు పరుగెత్తే పాఠకులు ఈ హెచ్చరికను గుర్తుంచుకొనవలెను. మర్మస్థానం మీద మొరటుతనం చికిత్స కాదు.

అభ్యంగం, స్వేదం, నస్యం ఈ వ్యాధికి శాస్త్రోక్తమైన ఉపాయాలు. నస్యం వైద్యుని పర్యవేక్షణలోనే చేయించుకొనవలెను. మొదటి రెండు ఇంటిలో చేసికొనదగినవి. గోరువెచ్చని నువ్వులనూనెను గాని, వైద్యుడు సూచించిన మహానారాయణ తైలాన్ని గాని భుజానికి, రెక్కకు, మెడకు పట్టించి పది నిమిషాలు మృదువుగా మర్దన చేయవలెను. పిమ్మట వావిలాకు వేసి మరిగించిన నీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టవలెను. వేడి ముందుగా పరిచారకురాలి చేతిపై పరీక్షించుట మంచిది. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారికి కాలినను తెలియదు గనుక మరింత జాగ్రత్త అవసరం. క్రొత్తగా దెబ్బ తగిలి వాచిన భుజానికి కాపడం పనికిరాదు.

అయితే చాలమంది ఇక్కడితో ఆగిపోతారు. నూనె, కాపడం మార్గాన్ని సుగమం చేస్తాయి. ప్రయాణం మాత్రం వ్యాయామమే. భుజం వెచ్చబడిన వెంటనే గోడకు గాని, ఇంటి స్తంభానికి గాని రెక్కను ఆనించి నిలిచి, చేతిని రొమ్ముకు అడ్డంగా తెచ్చి, పైన చెప్పిన విధంగా సాగదీయవలెను. లాగినట్లు ఉండవలెనే గాని పొడిచినట్లు ఉండకూడదు. భుజం ముందువైపున గ్రుచ్చినట్లున్నచో ఆపివేయవలెను.

ఇప్పుడు తల్లి వద్దకు వద్దాం. ఆమె భుజం కుమారుని భుజం వలెనే బిగిసినదని తలచి అదే వ్యాయామం చేయించకూడదు. విసిరేవారిలో తగ్గేది ముఖ్యంగా లోపలి తిరుగుడు. నలుబది దాటిన స్త్రీలలో, విశేషించి మధుమేహం గలవారిలో, వచ్చే బిగుసుకుపోయిన భుజంలో అన్ని కదలికలూ తగ్గుతాయి. బయటివైపు తిరుగుడు అన్నిటికంటె ఎక్కువగా నశిస్తుంది. జడ వేసికొనుటకు చేయి పైకి పోదు, రవిక ముడి వేసికొనుటకు వెనుకకు పోదు. రాత్రి ఆ ప్రక్కకు తిరిగి పండుకొనలేరు. ఇట్టివారు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకొనుట మొదటి పని. నొప్పి తీవ్రంగా ఉన్న కాలంలో ముందుకు వంగి చేతిని వ్రేలాడవిడిచి లోలకంవలె ఊపుట, అది తగ్గిన పిదప గోడపై వ్రేళ్ళతో మెల్లగా పైకి ప్రాకించుట మేలు. ఈ వ్యాధి తగ్గుటకు నెలలు పడుతుంది. తొందరపడి బలవంతం చేసినచో నొప్పి పెరుగుతుంది.

ఆయుర్వేదం చెప్పిన మొదటి చికిత్స వేరొకటి ఉన్నది. అది నిదాన పరివర్జనం, అనగా వ్యాధికి కారణమైన దానిని తొలగించుట. ఈ సూత్రాన్ని ఉమ్మడి నల్లగొండ జిల్లాలో అందరికంటె చక్కగా ఆచరించి చూపినవారు వైద్యులు కారు. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆరవ తరగతితో చదువు మానిన నేత కుటుంబీకుడు. ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి గారు పడే భుజం నొప్పి చూడలేక, యేండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. చేయి త్రిప్పవలసిన పనియే లేకపోయింది. 2017లో వారికి పద్మశ్రీ లభించింది. ఆ తల్లి భుజానికి ఆయన చేసినది నా దృష్టిలో గొప్ప చికిత్స.

ఆటగానికి అట్టి యంత్రం లేదు. ఆట మానమని చెప్పలేము. కాని లెక్క పెట్టవచ్చును. అమెరికాలో బాలుర బేస్‌బాల్ సంస్థయైన లిటిల్ లీగ్ 2007 నుండి విసురులకు పరిమితి విధించింది. 9, 10 యేండ్ల పిల్లలు దినానికి 75 బంతులకు, 17, 18 యేండ్లవారు 105 బంతులకు మించి విసరకూడదని అప్పుడు నియమం పెట్టింది. అంత విసిరిన పిమ్మట విశ్రాంతి దినాలు కూడ తప్పనిసరి. విసురు వేగమైనది, ఆసు నెమ్మదియైనది. రెంటినీ సరిసమానంగా తూచలేము. ఐనను 105కు లెక్క ఉన్నప్పుడు 9,000కు లెక్క లేకపోవుట ఆలోచింపదగిన విషయం గదా!

కావున గృహస్థులకు నా మనవి ఇది. యంత్రం లేని ఇంటిలో ఆసు పనిని ఒక్కరిపైనే వదలక వంతులు వేసికొనండి. గంటకొకసారి లేచి భుజాలు త్రిప్పమని చెప్పండి. కుమారుడు ఎన్ని బంతులు వేసినాడో వ్రాసిపెట్టుకొనమనండి. చేయి మొద్దుబారినను, పడిన తరువాత ఎత్తలేకపోయినను, జ్వరంతో భుజం వాచినను ఇంటి వైద్యం మాని వైద్యునికి చూపండి. ఎడమ భుజం నొప్పితోపాటు రొమ్ము బరువు, చెమటలు ఉన్నచో ఒక్క నిమిషమైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోండి.

కుమారుని హైదరాబాదు తీసుకొనిపోయే దినమున ఆ బస్సులోనే తల్లిని కూడ కూర్చుండబెట్టండి. ఆమె వద్దంటుంది. ఐనను తీసుకొనిపోండి.