కెరటాల ఆట

విశాఖ తీరాన పలకపై నిలబడి కెరటాల మీద సాగే సర్ఫింగ్ పట్ల యువకులకు మోజు పెరుగుతున్నది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆటకు తొలిసారి స్థానం లభించింది కూడా. తెప్పలపై పెరిగిన మత్స్యకారుల పిల్లల సంగతి వేరు. చిక్కల్లా సముద్రం పోకడ తెలియక, లోపలి గ్రామాల నుంచి సరదాగా వచ్చేవారితోనే.

కెరటాలు వరుసగా విరుగుతుండగా నడుమ ఒకచోట నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. అదే క్షేమమని దిగుతారు. ఒడ్డుకెక్కిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే! అందులో చిక్కినవారు ఎదురీదరాదు, తీరం వెంబడి పక్కకు ఈదాలి. రాళ్లులేని ఇసుక అడుగు, నడుము లోతు నీరు, మోకాలెత్తు నురుగు కెరటం ఉన్నచోటు నేర్చుకునేవారికి చాలు.

ఇక పలక. సొగసుగా ఉన్నదని పొట్టిది కొంటే డబ్బు దండగే. ఎనిమిది, తొమ్మిది అడుగుల పొడవుతో, వెడల్పుగా, పైన మెత్తని ఫోమ్ ఉన్నది నిలకడగా తేలుతుంది, తగిలినా దెబ్బ తక్కువ. కాలికి తాడు తప్పనిసరి. ముందు నాలుగు రోజులు అద్దెకు తీసుకుని చూడడం మేలు.

తమిళనాడులోని కోవళంలో మత్స్యకార యువకులే ఈ ఆట నేర్పి ఉపాధి పొందుతున్నారు. ఇక్కడ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషిద్ధం. వేట లేని ఆ రోజుల్లో మన తీరగ్రామాల యువకులకు ప్రాణరక్షణలో, ఈ ఆట నేర్పడంలో శిక్షణ ఇప్పించరాదా? ప్రమాదకరమైన చోట్ల ఎర్రజెండాలు పాతడానికైతే పెద్ద ఖర్చు కూడా కాదు. అధికారులు వేసవిలోపే ఆ పని చేయాలి.