పెరటితోట: చెట్టునీడకు తగిన తుంగ

అమెరికాలో ఫిలడెల్ఫియా ప్రాంతమున కాపురముండు సోదరి యొకరు మాకు వ్రాసిరి. వారి పెరటిలో రెండు పెద్ద ఓక్ చెట్లు గలవట. వానిక్రింద మూడేండ్లు గడ్డి విత్తనములు చల్లినను నిలువలేదట. వాన వచ్చినప్పుడెల్ల మన్ను కొట్టుకొని పోవుచున్నదట. చెట్లు కొట్టించుటయే మేలని వారి యింటివారి యభిప్రాయము.

చెట్లను కొట్టింపవలదని మా మనవి. మానవలసినది గడ్డిని. దానికి ఎండ కావలెను. ఆ నేలలోని తేమనో చెట్టువేళ్లు పీల్చుకొనుచుండును. అట్టి చోటులనే ఆ దేశపు టడవులలో తుంగజాతి మొక్కలు సహజముగ పెరుగుచున్నవి.

తుంగ యనగానే మన సోదరీమణులు ఉలికిపడుదురు. ఎంత త్రవ్వినను గడ్డ మిగిలి మరల మొలచు తుంగముస్తె నెరుగని వారెవరు? ఇది దానికి జ్ఞాతియే కాని అది కాదు. పూకాడను వ్రేళ్లనడుమ త్రిప్పిచూచిన మూడంచులు తగులును, పోలిక యంతవరకే. దీనికి గడ్డలుండవు. పెన్సిల్వేనియా తుంగ యనబడు నీ మొక్క జానెడెత్తున సన్నని యాకులతో వంగి, నేలలోని కాడలచే మెల్లగ వ్యాపించును. డెలవేర్ రాష్ట్రమందలి మౌంట్ క్యూబా సెంటర్ వారు ఈ జాతిలో 70 రకములను పెంచి పరీక్షింపగా, ఉడ్ తుంగ యనునదియు మిక్కిలి మేలైనదిగ తేలినది.

విత్తనములు సరిగ మొలవవు గనుక నర్సరీలో నారుమొక్కలు కొనవలెను. అడవినుండి పెరికి తేరాదు. వసంతమున గాని శరత్తున గాని జానెడెడముగ నాటుడు. పెద్దవేళ్లను నరుకక, వాని సందులలో చిన్న గుంటలు తీయుడు. మొదటియేడు నీరు తప్పక పోయవలెను, ఎరువక్కరలేదు. రాలినయాకులు దట్టముగ కప్పినచో పలుచన చేయుడు. చలికాలము ముగియుచుండగా, క్రొత్త చిగురులకు ముందే, ఎండినయాకులను రెండుమూడంగుళములు విడిచి కోయవలెను. పిల్లలు పరుగులెత్తు చోట ఇది నిలువదు. నడకదారికి రాతిపలకలు పరచుడు.

నేల నిండుటకు రెండుమూడేండ్లు పట్టును. అది యాలస్యమని యింటివారన్నచో, కొట్టిన ఓక్ చెట్టు మరల అంత యగుటకు ఎన్నేండ్లు పట్టునో నెమ్మదిగ అడుగుడు.