ఎక్కడి దుమ్మో, ఎప్పటి దగ్గో

కూతురి పురుటికని ఫీనిక్స్ వెళ్లొచ్చిన అమ్మల కబుర్లలో దుమ్ము తుఫాను తప్పకుండా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ఏ సాయంత్రమో మట్టిరంగు గోడ ఒకటి ఆకాశమంత ఎత్తున లేచి ఊరిమీదికి నడిచొస్తుంది. హబూబ్ అంటారక్కడ. తలుపులు బిగించి, కిటికీలోంచి వీడియో తీసి మన వాట్సాప్‌కి పంపుతారు. వీడియో మనకొస్తుంది. దుమ్ములో కాస్త వాళ్ల ఊపిరితిత్తుల్లో ఉండిపోవచ్చు.

అరిజోనా, కాలిఫోర్నియాల ఎండు నేలల్లో కాక్సిడియోయిడిస్ అనే బూజు బతుకుతుంది. వాన పడితే మట్టిలో దారాల్లా అల్లుకుంటుంది. ఎండ కాస్తే ఆ దారాలు తునకలై గాలికెగురుతాయి. వాటిని పీలిస్తే వచ్చే జబ్బు పేరు వ్యాలీ ఫీవర్. 1994 జనవరిలో కాలిఫోర్నియాలో నార్త్‌రిడ్జ్ భూకంపానికి కొండచరియలు విరిగి దుమ్ము లేచినప్పుడు వెంచురా కౌంటీలో 203 మందికి సోకింది, ముగ్గురు పోయారు. మనిషి నుంచి మనిషికి అంటదు. సోకినవాళ్లలో పదిమందిలో ఆరుగురికి ఆ సంగతే తెలియదు. మిగతావాళ్లలోనూ చాలామంది ఫ్లూ అనుకుని, కొన్ని వారాలు నీరసపడి, మందులేమీ లేకుండానే లేచి తిరుగుతారు. కథ అంతటితో అయిపోతే ఈ వారం వేరే విషయం వెతుక్కునేవాణ్ణి.

ఒంట్లోని రక్షణ కణాలు ఒక్కోసారి ఆ బూజును పూర్తిగా చంపలేవు. దాని చుట్టూ గోడ కట్టి కాపలా కూర్చుంటాయి. లోపలిది చావదు, పెరగదు. టీబీ క్రిమి సంగతి తెలిసిన మనకు ఇది కొత్త కాదు. బూజు కూడా అలా ఏళ్లతరబడి పడుకుంటుందనడానికి మంచి సాక్ష్యం పారిస్‌లో దొరికింది. ఆఫ్రికాలో పుట్టి, ఎన్నో ఏళ్ల క్రితమే ఫ్రాన్స్‌కి వచ్చి స్థిరపడినవాళ్లలో క్రిప్టోకాకస్ అనే మరో బూజు బయటపడింది. జన్యువులు పోల్చి చూస్తే అది ఫ్రాన్స్ రోగుల్లో కనిపించే రకం కాదు. ఎప్పుడో పుట్టినూళ్లో పీల్చుకున్నదే ఇన్నేళ్లూ వాళ్లతో కాపురం చేసిందని 1999లో పరిశోధకులు తేల్చారు. ఊరు వదిలినా ఊరి మట్టి వదల్లేదన్నమాట.

కాపలా సడలితే గోడ కూలుతుంది. హెచ్‌ఐవీ ముదిరినా, కిడ్నీ మార్పిడి తర్వాత మందులు వాడినా, స్టెరాయిడ్లు నెలలకొద్దీ మింగినా అంతే. రుమటాయిడ్ కీళ్లవాతానికి, క్రోన్స్ జబ్బుకి ఇచ్చే రెమికేడ్, హ్యుమిరా లాంటి బయాలజిక్ ఇంజెక్షన్లు టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని ఆపుతాయి. వాపు తగ్గేది అందుకే. కానీ ఆ గోడను నిలబెట్టేదీ టీఎన్‌ఎఫే. ఈ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లలో హిస్టోప్లాస్మోసిస్ అనే బూజు జబ్బు 240 మందికి వచ్చినట్టు అమెరికా ఎఫ్‌డీఏకి కబురందింది. వీళ్లలో పాతది లేచినవాళ్లెందరు, కొత్తగా సోకినవాళ్లెందరు అన్నది అలా ఉంచండి. కనీసం 21 మందిలో డాక్టర్లు మొదట దాన్ని పోల్చుకోలేదు, వాళ్లలో 12 మంది చనిపోయారు. 2008 సెప్టెంబరులో హెచ్చరిక గట్టిగా రాయమని కంపెనీలను ఎఫ్‌డీఏ ఆదేశించింది. ఈ జబ్బు బాగా తెలిసిన దేశంలోనే అలా జరిగితే, హైదరాబాదులోనో గుంటూరులోనో ఎవరు పోల్చుకుంటారు?

ఇక్కడ దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ అనగానే అందరి నోటా ఒకే మాట, టీబీ. ఎక్కువసార్లు అది నిజం కూడా. కఫంలో క్రిమి దొరక్కపోయినా ఆరునెలల కోర్సు మొదలెట్టేస్తారు. ముక్క తీసి పరీక్షకు పంపినా రెండు జబ్బుల గోడలూ ఒకేలా కనబడతాయి. బూజు కోసం ప్రత్యేకమైన రంగు వేసి చూడమని ఎవరో ఒకరు ల్యాబుకు చెప్పాలి. సార్కాయిడ్ అనే మరో జబ్బని పొరబడి స్టెరాయిడ్లిస్తే మరీ ప్రమాదం, నిప్పుమీద కిరోసిన్ పోసినట్టే.

2021లో మనల్ని హడలగొట్టిన బ్లాక్ ఫంగస్ ఈ బూజుల కోవ కాదు. అది పడుకుని లేచేది కాదు, అప్పటికప్పుడు దాడి చేసేది. కానీ స్టెరాయిడ్లతో ఆటలాడితే ఏమవుతుందో అది చూపించింది. అయినా కీళ్లనొప్పులకు చీటీ లేకుండా మందుల షాపులో అవి ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. నాకు కోపమొచ్చేది ఇక్కడే.

అరిజోనాలో అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ముందుజాగ్రత్తగా బూజును ఆపే ఫ్లూకొనజోల్ ఇస్తారు. మన షాపుల్లో కూడా దొరికే మాత్రే. మనవాళ్లు బయాలజిక్ ఇంజెక్షన్‌కు ముందు ఎక్స్‌రే తీస్తారు, టీబీ పరీక్ష చేస్తారు, సంతోషం. ‘ఎక్కడెక్కడ ఉండొచ్చారు?’ అన్న ప్రశ్నకు మాత్రం కేస్ షీటులో గడి ఉండదు. అది అడగడానికి డబ్బు ఖర్చు కాదు, అర నిమిషం చాలు.

అరిజోనా వెళ్లొచ్చిన ప్రతి అమ్మా భయపడనక్కర్లేదు, చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. కానీ స్టెరాయిడ్లు, బయాలజిక్‌లు మొదలెట్టేటప్పుడు, మానని దగ్గుతో వెళ్లినప్పుడు, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: ఫలానా ఏడాది ఫీనిక్స్‌లో ఆరు నెలలున్నానని. మర్చిపోతామనుకుంటే ఈ రోజే మీ ఆసుపత్రి ఫైలు మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.