వేలములో పలికిన ధర, చేతికి వచ్చిన ధర

కృష్ణా డెల్టా రైతునకు పంట పండించు విద్యను క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువనీటిని మళ్లించుటయు, పల్లమున వరిని, మెరకను పసుపు, చెఱకు, అరటులను పెంచుటయు మనవారికి వెన్నతో పెట్టిన విద్య. కాని పండిన పంటను అమ్ముకొనుటలో మనము నేటికిని పసివారమే. నెలల తరబడి కాచి, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన పసుపును ఒక్క పూటలో పరాయివాని మాటకు అప్పగించి వచ్చువారు ప్రతి గ్రామమునను కలరు. ఈ విషయమును గూర్చి సంఘసభ్యులతో కొంచెము నిష్కర్షగా మాటలాడవలెనని తలచితిమి.

2016 ఏప్రిల్ 14వ తేదీన ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణి దేశమున ప్రారంభమయ్యెను. మన ప్రాంతమున దుగ్గిరాల పసుపు యార్డును, గుంటూరు మిరప యార్డును అందు చేరియున్నవి. రైతు సరుకును యార్డు గేటువద్ద వ్రాయించును. దానికొక లాటు సంఖ్య యిత్తురు. మచ్చు తీసి నాణ్యము చూతురు. లైసెన్సుగల వ్యాపారులు తమతమ స్థలములనుండియే ఆన్‌లైన్‌లో ధర వేయుదురు. ఒకడు వేసిన ధర మఱొకనికి తెలియదు. హెచ్చు ధర రైతునకు నచ్చినచో ఒప్పుకొనును, నచ్చనిచో త్రోసివేయును. గుడ్డచాటున చేతివ్రేళ్లు పట్టి బేరము తేల్చు పాత రహస్యపద్ధతికంటె ఇది ఎన్నోరెట్లు మేలు. దీనిని మేము మనసార మెచ్చుకొందుము.

అయినను ఒక్క మాట. యంత్రము ధరను కనిపెట్టగలదు. కొనువాని నీతిని కనిపెట్టజాలదు. పలికిన ధర కాగితముమీది ధర. చేతికి వచ్చినదే అసలు ధర. ఈ రెంటికిని నడుమనే మోసగాడు కాపురముండును.

మాటవరసకు ఒక లెక్క చూతము. 20 క్వింటాళ్ల పసుపునకు ఒకడు క్వింటాలు 12,000 రూపాయలనియు, మఱొకడు 11,800 అనియు ధర వేసిరనుకొందము. మొదటివానికే దక్కును. మరునాడు కాటావద్ద వాడు ‘‘చెమ్మ యున్నది, పుచ్చు కలిసినది’’ అని 600 తగ్గించును. పైగా క్వింటాలునకు 2 కిలోల తరుగు తీయును. అప్పుడు రైతునకు వచ్చునది 19.6 క్వింటాళ్లకు 11,400 చొప్పున 2,23,440 రూపాయలు. రెండవవానికి అమ్మియున్నచో 2,36,000 వచ్చెడిది. మొదటివాడు ఆ సొమ్మునైనను రెండు నెలలు ఆపినచో, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ చొప్పున ఇంకొక తొమ్మిది వేలు పోవును. హెచ్చుధరకు అమ్మితినని సంతసించిన రైతు వాస్తవముగా 21,000 రూపాయలకు పైగా నష్టపోయెను. ఆ రైతు తన నష్టమును ఎన్నడును లెక్క వేసుకొనడు. ఏలయన వానికి జ్ఞప్తియందుండునది 12,000 అను అంకె యొక్కటియే.

ఇట్టి కొనుగోలుదారుల పద్ధతులు ముఖ్యముగా నాలుగు విధములు. మొదటిది, పైన చెప్పినట్లు ఎక్కువ ధరతో తక్కినవారిని తప్పించి, తూనికవేళ కోత పెట్టుట. రెండవది, బజారు దిగినంతనే కొన్న సరుకును ఎత్తక మొగము చాటువేయుట. మూడవది, కొందఱు కూడబలుకుకొని, ఈ లాటు నీది, ఆ లాటు నాది అని పంచుకొని, ఎవరును పోటీపడకుండుట. నాలుగవది, యార్డునకు బయట, ముక్కు మొగము తెలియనివాడు ఫోనులో సరుకు బొమ్మలు చూచి ఊరించు ధర చెప్పి, సొమ్ము పంపినట్లు దొంగ రసీదు బొమ్మ చూపి, లారీని పంపించుట. ఈ నాలుగవవాడే ‘‘సొమ్ము మీ ఖాతాలో పడుటకు మీ రహస్యసంఖ్యను నొక్కుడు’’ అని కూడ చెప్పును. రైతు సోదరులు దీనిని గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను: సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య ఎన్నడును అక్కఱలేదు, అది సొమ్ము పంపుటకే. మోసపోయినట్లు తెలిసిన తక్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. గడియలు గడచినకొలది సొమ్ము చేతులు మారిపోవును.

చట్టము రైతుపక్షమున లేదని కొందఱందురు. అది సరికాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము నేటికిని అమలునందున్నది. దాని 64వ సెక్షను ప్రకారము వేలము ముగిసినట్లు ప్రకటించువఱకే పాటదారుడు తన పాటను వెనుకకు తీసికొనవచ్చును. పిమ్మట వాడు కట్టుబడినట్లే. అరువునకు ఒప్పుకొననిచో, సొమ్ము పూర్తిగా ముట్టువఱకు సరుకును తనవద్దనే నిలుపుకొను హక్కు 47వ సెక్షనువలన అమ్మకందారునకు కలదు. కొన్నవాడు చెల్లించనిచో, తిరిగి అమ్మెదనని వానికి నోటీసు ఇచ్చి, తగిన గడువు చూచి, సరుకును మఱొకరికి అమ్మి, తగ్గిన మేరకు నష్టమును మొదటివానినుండి రాబట్టవచ్చునని 54వ సెక్షను చెప్పుచున్నది. నోటీసు ఈయక అమ్మినచో నష్టము నడుగు హక్కు పోవును; లాభము వచ్చినను ఆ లాభము మొదటివానికే చెందును. నున్న మామిడికాయలవంటి పాడైపోవు సరుకునకు మాత్రము ఈ నోటీసు అవసరము లేదు. చెక్కు చెల్లక తిరిగివచ్చినచో, ఆ సంగతి బ్యాంకు తెలిపిన 30 దినములలో వ్రాతమూలకముగా నోటీసు పంపవలెను. అది అందిన 15 దినములలో వాడు చెల్లించనిచో ఆ తరువాత నెల లోపల న్యాయస్థానమున ఫిర్యాదు చేయవలెను. ఈ గడువులు దాటనిచ్చి పిమ్మట విచారించుట వ్యర్థము.

కాని ఈ హక్కులన్నిటికిని మూలము ఒక్కటియే: సరుకు మన స్వాధీనమున నుండుట. కొన్నవాడు దానిని ఎత్తుకొనిపోయిన వెనుక ఆ 47వ సెక్షను హక్కు అంతరించును. అటుపిమ్మట రైతు అమ్మకందారుడు కాడు, బాకీ వసూలు చేసికొనుటకు కొట్ల చుట్టు తిరుగు అప్పులవాడు. కావున మేము చెప్పునది చిన్న సూత్రము: తూనికకు ముందే తగాదా తేలవలెను, ఎత్తుబడికి ముందే రొక్కము రావలెను. రొక్కమనగా ఫోనులో బొమ్మ కాదు. మన ఖాతాలో జమ.

‘‘సూత్రము బాగుగనే యున్నది, కాని మేము దానిని పాటింపగలమా?’’ అని రైతులు మమ్ము అడుగుదురు. ఈ ప్రశ్నకు బదులు చెప్పకుండ హితోపదేశము చేయుట తగదు. విత్తనము నాటినాడు ఎవనివద్ద అప్పు తెచ్చెనో వాని కొట్టునకే సరుకు తోలవలసిన రైతు, ‘‘సొమ్ము ఇచ్చి ఎత్తుకొమ్ము’’ అని ఎట్లనగలడు? వాడు కాదన్నచో సరుకును ఎచ్చట దాచగలడు? కౌలు, కూలి, పిల్లల చదువుల జీతములు ఎట్లు ఆగును? అందుచేతనే కొందఱు, ‘‘ఈ ఆన్‌లైన్ వేలములకంటె పాత కమీషను వ్యాపారియే నయము; వాడు కోత పెట్టినను ముఖమెరిగినవాడు, ఆపదలో నూఱు రూపాయలిచ్చును’’ అనుచున్నారు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అయినను ఆ నూఱు రూపాయలకు మనము ఏటేట ఎంత చెల్లించుచున్నామో పైలెక్క చెప్పుచున్నది. వేలము చెడ్డది కాదు. వేలమునకు ఒంటరిగా పోవుటయే చెడ్డది. ఒంటరి రైతు కాదనజాలడు. కాదనజాలనివాడు ఎంత మంచి విపణిలోనైనను మోసపోవును.

ఇచ్చటనే సంఘమునకు పని యున్నది. 2007 నాటి గిడ్డంగుల చట్టముననుసరించి రిజిస్టరైన గిడ్డంగిలో సరుకుంచి, ఆ రసీదుపై బ్యాంకువద్ద ఋణము పొందవచ్చును. సంఘము పది పదునైదుగురు సభ్యుల సరుకును చేర్చి ఇట్లు నిలువచేయించినచో, ఒక వ్యాపారి ఎత్తకపోయినను ఎవరింటను పొయ్యి ఆరదు. రెండవ పని: ప్రతి లాటు మచ్చును రెండు సంచులలో కట్టి, ముద్రవేసి, ఒకటి సంఘమున ఉంచవలెను, కాటావద్ద తగాదా వచ్చినప్పుడు నోటిమాటతో పని యుండదు. మూడవ పని: సంఘము ఒక పుస్తకము పెట్టి, ఏ కొనుగోలుదారుడు ఏ తేదీన కొనెను, ఎంతకు కొనెను, ఏ తేదీన ఎంత చెల్లించెను అని మాత్రమే వ్రాయవలెను. నిందలు వ్రాయరాదు. తేదీలే చాలును, అవియే సాక్ష్యము చెప్పును. చెల్లింపు తప్పినవాని సంగతి ఆ పుస్తకముతో సహా యార్డు అధికారులకు వ్రాసినచో లైసెన్సు విషయము వారు విచారింపక తప్పదు. కొనుగోలుదారులు కూడబలుకుకొని ధర కట్టడిచేయుట 2002 నాటి పోటీ చట్టమునకు కూడ విరుద్ధమే.

ఇది కాని పని యనువారు వర్జీనియా పొగాకును చూడవలెను. 1976లో గుంటూరున పొగాకు బోర్డు ఏర్పడెను. 1984లో మైసూరు సీమయందును, మరుసటి యేట మన ఆంధ్రమునను వేలములు మొదలయ్యెను. అంతకు ముందు రైతు కొనుగోలుదారుని గుమ్మమువద్ద సొమ్మునకై పడిగాపులు కాచెడివాడు. వేలములు వచ్చిన పిమ్మట సొమ్ము బోర్డు ద్వారా రైతు ఖాతాకు చేరుచున్నది. ధర నచ్చనిచో బేలును త్రిప్పి తీసికొనిపోవు స్వాతంత్ర్యమును కలదు. అచ్చటను ధరలనుగూర్చి కష్టములు, ఆందోళనలు లేకపోలేదు. కాని కొన్నవానికిని రైతునకును నడుమ బాధ్యతగల సంస్థ యొకటి నిలిచినచో ఎంత భేదము వచ్చునో మనకు ఇంటిప్రక్కనే దృష్టాంతమున్నది.

కడపట మనవారికిని ఒక మాట. పైసంచులలో మేలి కొమ్ములు, అడుగుసంచులలో పుచ్చుకాయలు పోయుట, సరిగా ఎండని సరుకును తోలుట, ధర పెంచుటకు మనవారిచేత దొంగపాట పాడించుట మోసములే. ఆ దొంగపాట జరిగినచో కొన్నవాడు అమ్మకమునే రద్దుచేయవచ్చునని అదే 64వ సెక్షను చెప్పుచున్నది. ఒక్క రైతు చేసిన ఇట్టి పని, కోత పెట్టదలచిన వ్యాపారికి నూఱుమంది రైతులపై ఉపయోగపడు సాకు. కొమ్మును, కాయను, పుచ్చును వేఱువేఱు లాటులుగా కట్టి, ఉన్నదున్నట్లు వ్రాయించినవాడు కాటావద్ద తలయెత్తి మాటలాడగలడు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఆ పుస్తకమును, మచ్చు సంచులను, గిడ్డంగి ఋణమును గూర్చి తీర్మానము చేయవలసినదని సంఘసభ్యులను కోరుచున్నాము. పసుపు కళ్లములమీదికి రాకముందే ఈ యేర్పాటు జరుగవలెను. సరుకు కాటా ఎక్కిన పిమ్మట చేయు తీర్మానములు వచ్చేటికి మాత్రమే పనికివచ్చును.