కూలీలు మహదేవపుర దారి ఎందుకు పడుతున్నారు?



మన గ్రూపులో గూళ్ల రేటు తర్వాత ఎక్కువగా వినపడే మాట ఒకటే: "పనికి మనుషులు దొరకడం లేదు, అందరూ బెంగళూరు పోతున్నారు." నిజమే. కుప్పం, బంగారుపేట వైపు నుంచి తెల్లారకముందే రైలెక్కి, వైట్‌ఫీల్డ్‌లోనో కృష్ణరాజపురలోనో దిగి, మహదేవపుర ఐటీ పార్కుల్లో హౌస్‌కీపింగుకు, సెక్యూరిటీకి పోయేవాళ్లు చాలామంది. 2023 మార్చిలో కృష్ణరాజపుర, వైట్‌ఫీల్డ్ మధ్య మెట్రో కూడా మొదలయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి.

డబ్బు కోసమే పోతున్నారని మనం అనుకునేది సగం మాటే అని నా అభిప్రాయం. రూము బాడుగ, దారి ఖర్చు, బయటి తిండి తీసేస్తే వాళ్లకు మిగిలేది గొప్పగా ఏమీ ఉండదు. కానీ నెలంతా పని ఉంటుంది. జీతం ఏ తేదీకి పడుతుందో తెలుసు. వారానికో సెలవు, చాలాచోట్ల పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. మరి మన దగ్గర? రేపు పని ఉందో లేదో రాత్రి ఫోను వస్తేగానీ తెలియదు. కూలి అడిగితే "మార్కెట్టుకు పోయొచ్చాక చూద్దాం" అంటాం.

మన పంటలో చిక్కు మీకు చెప్పక్కర్లేదు. పురుగు తినే మొత్తం ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా ఐదో దశలోనే తింటుంది. అంటే నాలుగో జ్వరం లేచాక ఏడెనిమిది రోజులు. ఆ వారం మనుషులు కావాలి, మిగతా రోజులు ఇంట్లోవాళ్లు చాలు. ఏడు రోజుల పని కోసం నెల జీతం వదులుకుని ఎవరొస్తారు?

అందుకే ఒక మాట ఆలోచించండి. ఊళ్లో నలుగురు రైతులు కలిసి, చాకీ పురుగులను వారం వారం తేడాతో తెచ్చుకుంటే, ఆ బరువు వారం ఒక షెడ్డు తర్వాత ఇంకో షెడ్డుకు వస్తుంది. అదే జట్టుకు దాదాపు నెలంతా పని. చాకీ కేంద్రానికి తేదీలు ముందే చెప్పుకోవాలి, అంతే.

"మనుషులు తిరిగితే రోగమూ తిరుగుతుంది కదా" అంటారు. తిరుగుతుంది. అందుకే ఏ షెడ్డు చెప్పులు ఆ షెడ్డులోనే ఉండాలి. గడప దగ్గర సున్నం, బ్లీచింగు, చేతులు కడుక్కునే నీళ్లు ఉండాలి. ఒక షెడ్డులో రోగం కనబడితే అక్కడ పనిచేసినవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకోకుండా ఇంకో షెడ్డులో అడుగు పెట్టకూడదు. ఆ పూట కూలి మాత్రం కొయ్యొద్దు. రోగం ఉందని చెప్పినందుకు కూలి పోతే, రేపు చూసినవాళ్లు కూడా చెప్పరు.

ఇక కూలి సంగతి. రేటు పడిపోయింది, ఎక్కడి నుంచి ఇవ్వాలి అనే బాధ నాకూ తెలుసు. కానీ రేటు పడిందని కరెంటు బిల్లు తగ్గించి కట్టం కదా! కూలి కూడా పెట్టుబడే. వారం వారం ఇచ్చేయాలి. రేటు బాగా పలికినప్పుడు కేజీకి ఇంత అని జట్టుకు పైన ఇస్తే, మేత వేసే చేతికి శ్రద్ధ పెరుగుతుంది.

చంద్రికల మీదికి పండిన పురుగును ఏరడంలో ఆడవాళ్ల చేతికి మించినది లేదు. అయినా వాళ్లకు తక్కువ కూలి. సమాన పనికి సమాన కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. అప్పు పేరుతో మనిషిని పనికి కట్టిపడేయడమూ అదే ఏడాది చట్టంతో నేరమైంది. కష్టానికి అడ్వాన్సు ఇవ్వండి, పుస్తకంలో రాయండి. ఇంకోచోటికి పోతానంటే పోనివ్వండి. బాకీ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఐటీ పార్కులతో జీతంలో మనం పోటీ పడలేం. కానీ సొంత ఊళ్లో, పిల్లల దగ్గర ఉంటూ, ముందే తెలిసిన తేదీల్లో పని, చెప్పిన రోజుకు కూలి ఇవ్వగలం. వచ్చే పంటకు మీ ఊళ్లో ఇంకో ముగ్గురితో మాట్లాడి చూడండి. కుదిరినా కుదరకపోయినా ఏం జరిగిందో గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి.