క్షయకు పోయిన సిగ్గు మనోవ్యాధికి పోదా?

నిమ్మనపల్లె ప్రాంతమున ఇరువదేండ్ల యువకుడొకడు రాత్రులు నిద్రమాని, ఎవరును లేనిచోట ఎవరితోనో మాటలాడుచు, తల్లి వడ్డించిన అన్నములో విషము కలిసినదని కంచము త్రోసివేసినచో, ఇంటివారికి వైద్యుడు తలపునకు రాడు. గాలి సోకినదందురు; తాయెత్తు కట్టింతురు; పెండ్లి చేసిన కుదురుకొనునని పెద్దలొకరు సలహా చెప్పుదురు. ఇట్లు నెలలు గడచి, చేతిలోని సొమ్ము కరగి, బిడ్డ అదుపు తప్పిన పిమ్మటగాని మదనపల్లెకో, కుప్పములోని వైద్యకళాశాలకో, బెంగళూరు నిమ్హాన్సుకో బస్సెక్కరు. ఆ తల్లిదండ్రులను నిందించుటకు నాకు నోరు రాదు. మనసుకును జబ్బు చేయునని, దానికిని మందు కలదని వారికి చెప్పినవారెవరు?

లోకము ‘పిచ్చి డాక్టరు’ అని పిలుచు మనోవైద్యుడు, హౌస్‌సర్జన్సీతో కూడ ఐదున్నరేండ్లు ఎంబీబీఎస్ చదివి, గుండెజబ్బును, కాన్పును, విషజ్వరమును చూచినవాడై, ఆ పిమ్మట మూడేండ్లు మనోవైద్యశాస్త్రమున ఎం.డి. చేసినవాడు. మందు వ్రాయక మాటతోను, పరీక్షలతోను తోడ్పడు మనస్తత్త్వ నిపుణుడు వేరు. మంచి ఆసుపత్రిలో ఇరువురును కలిసియే పనిచేయుదురు.

థైరాయిడు లోపము ఒక్కొక్కప్పుడు దిగులు రూపమున కనబడును గనుక మనోవైద్యుడును రక్తపరీక్ష చేయించును. కాని స్కిజోఫ్రీనియా వంటి మనోవ్యాధి రక్తములో తేలునది కాదు, కావున అతని ముఖ్యమైన పనిముట్టు ప్రశ్నయే. ఈనాడు ఏ వారమని అడుగును. నూటినుండి ఏడేసి చొప్పున తీసివేయుచు పొమ్మనును. ‘దూరపు కొండలు నునుపు’ అన్న సామెతకు అర్థము చెప్పుమనును. చిరునామా వ్రాసి స్టాంపు అంటించిన కవరు దారిలో దొరికిన ఏమి చేయుదువనును. ప్రక్కనున్న బంధువునకు ఇది పిల్లలాటవలె తోచినను, రోగికి శ్రద్ధ నిలుచుచున్నదా, మాట వెనుక భావము అందుచున్నదా, వివేచన చెడినదా అన్నది ఆ నాలుగు జవాబులలో వైద్యునికి గోచరించును. చచ్చిపోవలెనని అనిపించుచున్నదా అనియు సూటిగానే అడుగును. అడిగినందున ఆ తలంపు పుట్టదు, అడిగినవాడు దొరికెనని రోగి గుండె తేలికపడును.

ఈ జబ్బు చెప్పుకొన సిగ్గుపడువారు మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమును తలచుకొనుడు. క్షయ అన్న మాట చెవినిబడినంతనే పెండ్లి సంబంధములు తప్పిపోవు కాలమున, వందేండ్లకు పూర్వమే, అచట శానిటోరియము వెలసినది. దూరదేశములనుండియు రోగులు అచటికి వచ్చిరి. నేడు క్షయకు మందు మ్రింగువాడు ఊరిలో మునుపటివలె ముఖము దాచుకొనడు. మనోరోగికి ఆ భాగ్యము ఆలస్యమైనది. 1912 నాటి ఉన్మత్తుల చట్టము వానిని గోడల నడుమ నిలుపుటకే తలపెట్టినది. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు బాగాయములో స్థాపించిన మనోవైద్యకేంద్రమున రోగితోకూడ కుటుంబమును ఉంచుకొని, జబ్బు స్వరూపమును ఇంటివారికే నేర్పిరి. ఇంతకంటె మన పల్లెలకు తగిన పద్ధతి నాకు కానరాదు. రోగిని గొలుసులతో కట్టుట నిషిద్ధమని, చికిత్స హక్కు అని 2017 చట్టము చెప్పినది. కాని హక్కు నెరవేర్చుటకు వైద్యుడు కావలెను గదా! దేశమున లక్షమందికి ఒక్క మనోవైద్యుడైనను లేడు.

అందుచేత నా విన్నపమిది: 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము క్రింద, నెలకొక్కదినమైనను మనోవైద్యుడు నిమ్మనపల్లె ఆరోగ్యకేంద్రమున కూర్చుండవలెను, మాత్రలు అచటనే ఇయ్యవలెను. బస్సుచార్జీ లేక మాత్ర మానినవాని జబ్బు తిరుగబెట్టును. అంతవరకు, ఇంటిలో ఎవరికైన నిద్ర చెడి మాట తీరు మారినచో, దాచకుడు. 14416కు ఫోను చేయుడు. రేయింబవళ్లు పనిచేయు ఈ టెలిమానస్ సేవకు రుసుము లేదు, మాటలాడువారు తెలుగులోనే మాటలాడుదురు.